కుర్మయ్య పాటకు ఇంగ్లీషు మాటలు

కుర్మయ్యను సాగనంపిన తరువాత రామచంద్రయ్య ఒక్క రోజే పెద్దబాటన చేనికి పోయాడు. పెద్దబాట మీద చాయ్ హోటలు ఉంది, దాని ముందు బల్లలున్నాయి, ఆ బల్లల మీద పొద్దున్నే వచ్చి కూర్చునే మనుషులకు నోళ్ళున్నాయి. మేస్త్రి పని చేసే సామ్యూల్ అతన్ని చూసి, గ్లాసు పక్కన పెట్టి, ఎంతో మర్యాదగా పిలిచాడు.

"రామచంద్రన్నా, ఒక్క మాట. నేను పోయిననాడు నాకు ఎక్కాలు పాడు. ఇంగ్లీషు నాకు సరిగ రాదు, పైకి పోయినంక పరేషాన్ అయిత."

బల్లల మీద అందరూ నవ్వారు. రామచంద్రయ్య కూడా నవ్వినట్టు పెదవులు కదిపి, భుజం మీది తువ్వాలు సర్దుకుని ముందుకు నడిచాడు. మర్నాటి నుంచి ఇంటి వెనక దడి దాటి, తుమ్మచెట్ల సందున పడి, వాగు గట్టెక్కి చుట్టు తిరిగి పోతున్నాడు. దూరం ఎక్కువే. కాళ్ళకు ముళ్ళు గుచ్చుకుంటున్నాయి. ముళ్ళయితే మాట్లాడవు గదా అనుకున్నాడు.

అతనిది పెద్దమందడి దగ్గర చిన్న ఊరు. ఉన్నది మెట్ట చేను. వానలు పడితే పల్లికాయ, పడకపోతే దేవుడి మీద భారం. చదివింది ఏడో తరగతి. అయితే ఊళ్ళో అతనికి ఉన్న పేరు చేను వల్ల వచ్చింది కాదు, చదువు వల్ల వచ్చింది అంతకన్నా కాదు. శనివారం ఆంజనేయస్వామి గుడిలో భజన ఎత్తుకునేది అతను. ఆ రోజు పొద్దు గుంకేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టడు. ఊళ్ళో పెళ్ళయినా చావయినా ముందుగా కబురు వచ్చేది అతనికే.

అతనికి ముందు భజన ఎత్తుకున్నవాడు కుర్మయ్య. వయసులో పెద్ద, వరసకు అన్న, గోడ అవతలే ఇల్లు. తాళం ఎట్లా పట్టాలో, గొంతు ఎక్కడ దాచుకుని ఎక్కడ విడవాలో రామచంద్రయ్యకు నేర్పింది అతనే. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఎడ్ల కోసం పెబ్బేరు సంతకు నడిచిపోయేవారు. దారిలో కుర్మయ్య తన తాత కట్టిన పాట ఒకటి పాడేవాడు. దాన్ని బండి పాట అనేవారు. బతుకు ఒక బండి, దాని పగ్గాలు దేవుడి చేతిలో పెట్టి ఎక్కి కూర్చున్నాను, ఇక తోలుకుపో అని ఆ పాట.

"బండి ఎక్కిననయ్య, పగ్గాలు నీ చేతనే
తండ్రీ, తండ్రీ, తండ్రీ"

ప్రతి చరణం చివరా మూడుసార్లు తండ్రీ అని పిలవాలి. మూడు పిలుపులకూ మూడు తాళం దెబ్బలు. ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదు. గుడిలో పాడేదీ కాదు. మనిషిని పాడె మీద తీసుకుపోయేటప్పుడు ఇంటి గుమ్మం నుంచి పొలిమేర దాకా పాడేది.

ఈ వానాకాలం మొదట్లో కుర్మయ్యకు గొంతులో పుండు లేచింది. హైదరాబాదులో పెద్ద దవాఖానకు పోయి వచ్చాడు. వచ్చేసరికే మాట గాలిలాగా వస్తోంది. చూడబోయిన రామచంద్రయ్యను మంచం మీద కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకున్నాడు.

"ఇగ నాతోని కాదు రామచంద్రా. నేను పోయిననాడు బండి పాట నువ్వే ఎత్తుకోవాలె. వేరేటోడు ఎత్తుకుంటే లేసి కూసుంట, సూడు."

"నేనే ఎత్తుకుంటనే అన్నా. ఆ ముచ్చట ఇప్పుడెందుకు," అన్నాడు రామచంద్రయ్య.

మనవరాలు నవ్య ఇంగ్లీషుతో తంటాలు పడుతున్నదీ ఆ రోజుల్లోనే. పెద్దమందడి బడిలో ఏడో తరగతి. పరీక్ష పేపరు తెచ్చి, దాన్ని మడిచి మడిచి అగ్గిపెట్టెంత చేసి, అరుగు మీద ముడుచుకుని కూర్చుంది.

"ఏందే, ఏమయింది?"

"నిన్న అయినదాని గురించి చెప్పాలంటే మాట చివర ఈడీ పెట్టాలె తాతా. వాక్ అంటే వాక్డ్. ప్లే అంటే ప్లేడ్. గట్లనే నేను గో అంటే గోడ్ అని రాసిన. ఈట్ అంటే ఈటెడ్ అని రాసిన. క్లాసంత నవ్విన్రు. గోకు వెంట్ అంట, ఈట్‌కు ఏట్ అంట. ఎందుకు సారూ అంటే, గవి గంతే, నేర్చుకోవాలె అన్నడు."

"శానా ఉంటయా అసుంటివి?"

"శానా. ఒక్కోదానికి మూడు రూపులు."

మూడు అన్న మాట వినగానే రామచంద్రయ్య చెయ్యి దానంతట అదే తొడ మీద మూడు దెబ్బలు వేసింది.

అతనికి ఇంగ్లీషు రాదు. కానీ రాని సంస్కృత శ్లోకాలను రాగం పట్టుకుని నోటికి తెచ్చుకున్నవాడు. అర్థం తెలిసేలోపు మాట నోట్లో నిలవాలి, నిలవాలంటే తాళం కావాలి, ఇది అతని అనుభవం. నవ్యను పుస్తకం తెమ్మన్నాడు. ఆమె ఒక్కొక్కటే చదువుతుంటే అతను లోలోపల రాగాలు వెదికాడు. ఏ భజనా సరిపోలేదు. ఒకటి నాలుగు దెబ్బలది, ఒకటి సాగదీసేది. మూడు మాటలకు మూడు దెబ్బలు పడే పాట అతనికి తెలిసినంతలో ఒక్కటే ఉంది. కాసేపు తటపటాయించాడు. చిన్నపిల్ల చదువు కోసమే గదా, రాగానికి ఏమన్నా అంటు ఉంటుందా అనుకున్నాడు.

"ఒక్క మాటకు మూడు రూపులు, ఓడిపోకు నా తల్లీ
బిగిన్, బిగ్యాన్, బిగన్"

నవ్య ముందు పడి పడి నవ్వింది. తరువాత అందుకుంది. సింగ్, స్యాంగ్, సంగ్ దగ్గరకు, రింగ్, ర్యాంగ్, రంగ్ దగ్గరకు వచ్చేసరికి ఆ మాటలే తాళాల్లాగా మోగాయి.

"ఈ ఇంగ్లీషోళ్ళు గూడ భజన చేసేటోళ్ళే ఉన్నట్టుండ్రు," అన్నాడు రామచంద్రయ్య.

కొద్ది రోజుల్లోనే వాడకట్టు పిల్లలందరూ సాయంత్రమయ్యేసరికి అతని అరుగు మీదికి చేరడం మొదలుపెట్టారు. ఎదురింటి చరణ్ ఖాళీ నూనె డబ్బా తెచ్చుకుని మద్దెల వాయించేవాడు. రామచంద్రయ్య ముందు పాదం ఎత్తుకుంటే పిల్లలు చప్పట్లతో మూడు రూపులూ అందుకునేవారు. తరువాతి పరీక్షలో ఈ వాడకట్టు పిల్లలెవరికీ ఒక్కటీ తప్పు పోలేదు. పెబ్బేరు నుంచి బస్సులో వచ్చి పాఠం చెప్పే ప్రభుదాసు సారు అదేమిటో చూద్దామని ఒక సాయంత్రం స్వయంగా వచ్చాడు. అరుగు చివర కూర్చుని, కాలితో తాళం వేస్తూ చివరిదాకా విన్నాడు.

"నా సర్వీసుల గిట్ల ఎవరు నేర్పలే రామచంద్రయ్య గారూ," అన్నాడు. కాస్త ఆగి, మెత్తగా మరో మాట అన్నాడు. "గని నిన్న ఏం తిన్నవమ్మా అని అడిగితే నవ్య ఇంకా ఐ ఈట్ అనే అంటుంది. ఏట్ ఏదమ్మా అంటే పాట మొదటికెల్లి పాడుకుంట రావాలె, అప్పుడు దొరుకుతది. నోటికొచ్చుడు వేరు, పని పడ్డ చోట వచ్చుడు వేరు. అది గూడ జర సూడున్రి."

మొదటి మాట రామచంద్రయ్య చెవిలో తేనెలాగా దిగింది. రెండో మాట వినిపించింది గానీ ఎక్కలేదు.

ఈ నెలల్లో గోడ అవతలికి అతను ఎన్నిసార్లు పోయాడంటే, మొదట్లో తరచుగానే పోయాడు. పోయిన ప్రతిసారీ కుర్మయ్య ఇంకాస్త చిక్కిపోయి కనిపించేవాడు. మాట పూర్తిగా పోయింది. నోటి పక్కన కారే నీటిని భార్య జములమ్మ తుడుస్తూ ఉండేది. అతను కళ్ళతో ఏదో అడిగేవాడు, రామచంద్రయ్యకు అర్థమయ్యేది కాదు. వానల గురించి నాలుగు మాటలు చెప్పి లేచి వచ్చేసేవాడు. ఇంటికి వచ్చాక అన్నం సహించేది కాదు. ఆ తరువాత పల్లికాయ పీకుడు వచ్చింది, పోలేదు. పీకుడు అయిపోయింది, అప్పుడూ పోలేదు. సాయంత్రాలు పిల్లలుంటారాయె. చాలా రోజులు పోకపోయేసరికి, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పోవాలన్నది ఒకటి వచ్చి చేరింది.

"గోడ అవతల మనిషున్నడు, యాదున్నదా?" అని భార్య సరోజ ఒకసారి అడిగింది.

"రేపు పోత."

"నీ రేపు బాగ పెద్దగున్నది," అని ఆమె గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

కుర్మయ్య ఒక ఆదివారం తెల్లవారగానే పోయాడు.

రామచంద్రయ్య ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, తాళాలు చింతపండుతో తోమి తెచ్చాడు. పోయి చూడలేకపోయాను, కనీసం ఈ ఒక్కటన్నా అన్నకు ఘనంగా చేయాలి అనుకున్నాడు. పాడె లేచింది. నలుగురు భుజం పట్టారు. భజనవాళ్ళు ముందు నిలబడ్డారు. జములమ్మను ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. బడి లేదు గనుక పిల్లలందరూ గోడ పొడుగునా నిలబడి చూస్తున్నారు. మద్దెల మీద చెయ్యి పడింది. రామచంద్రయ్య కళ్ళు మూసుకుని, ఎన్నో ఏళ్ళుగా ఎత్తనంత ఎత్తున గొంతు ఎత్తాడు.

"బండి ఎక్కిననయ్య, పగ్గాలు నీ చేతనే
బిగిన్, బిగ్యాన్, బిగన్"

దెబ్బలు సరిగ్గా పడ్డాయి. రాగం ఎక్కడా చెదరలేదు. అందుకే ఏం జరిగిందో అతనికి తెలియలేదు. గోడ పొడుగునా ఉన్న పిల్లలు రోజూ అరుగు మీద చేసినట్టే చప్పట్లతో ఒక్క గొంతుగా అందుకున్నారు.

"బిగిన్, బిగ్యాన్, బిగన్!"

అప్పుడు తెలిసింది. కళ్ళు తెరిచాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. ఆ దగ్గు విని ఇంకొకరు నవ్వారు. పాడె మోస్తున్న ఒకతని భుజం కదిలింది, పాడె ఒక పక్కకు ఒరిగి మళ్ళీ నిలిచింది. ఎవరో పెద్దాయన పిల్లలను కసిరాడు. తాత అడిగితేనే కదా అన్నాం అన్నట్టు చరణ్ బిక్కముఖం వేసుకుని రామచంద్రయ్య వైపు చూశాడు. గుమ్మంలో జములమ్మ ఏడుపు ఆపి చూస్తోంది.

మళ్ళీ ఎత్తుకోవాలని నోరు తెరిచాడు. మొదటి పాదం నోట్లోనే ఉంది. దాని చివర తండ్రీ అన్న మాట ఉండవలసిన చోట మాత్రం బిగిన్ కూర్చుని ఉంది. దాన్ని నెట్టేస్తే దాని వెనక బ్రింగ్ ఉంది. నోరు తెరిస్తే ఏది వస్తుందో తనకే నమ్మకం లేకపోయింది. నోరు మూసుకున్నాడు. మద్దెల అతను కాసేపు చూసి, రామ రామ అని అందుకున్నాడు. అందరూ దాన్నే పట్టుకుని కదిలారు. కుర్మయ్య తన తాత పాట లేకుండానే పొలిమేర దాటాడు.

ఆ సాయంత్రం పిల్లలు అరుగు మీదికి వస్తే రామచంద్రయ్య తలుపు తీయలేదు. ఇక ఆ పాట పాడవద్దని నవ్యతో చెప్పి పంపించాడు.

శనివారం వచ్చింది. ఒళ్ళు వెచ్చగా ఉందని చెప్పి భజనకు పోలేదు. మిట్ట మధ్యాహ్నం ఎవరూ లేని వేళ గుడికి పోయి, కటకటాల బయట నిలబడ్డాడు. సింధూరం పూసుకుని స్వామి ఎప్పటిలాగే ఉన్నాడు.

"స్వామీ, తప్పు నాదా, నా నాలుకదా?" అని అడిగాడు.

అడగగానే అది తప్పించుకునే మనిషి అడిగే ప్రశ్న అని అతనికే తోచింది. ఇంకొక విధంగా అడుగుదామని చూశాడు. ఇన్నేళ్ళు నీ పేరు పలికాను గదా. ఏకాదశులు ఉపవాసం ఉన్నాను, శనివారాలు ఉన్నాను. నాలుగు నెలల ఇంగ్లీషు వచ్చి అంత సులువుగా ఆ చోట ఎట్లా కూర్చుంది? మరి ఇన్నేళ్ళూ నీ పేరు నా లోపల ఉందా, లేక అది కూడా నాలుక మీదనే ఉందా? పిల్లలకు నేను నేర్పినట్టే నాకు నేను నేర్చుకున్నానా? ప్రభుదాసు సారు అన్న మాట ఇప్పుడు గుర్తొచ్చింది. నోటికొచ్చుడు వేరు, పని పడ్డ చోట వచ్చుడు వేరు. ఆయన అన్నది మనవరాలి గురించి. తగిలింది తాతకు.

ఎండకు కాళ్ళు కాలుతుంటే తిరిగి వచ్చేశాడు.

రెండో శనివారం, బడికి సెలవు గనుక ఇంటి దగ్గర నవ్య ముందర పుస్తకం పెట్టుకుని కూర్చుంది. సారు ఇప్పుడు మూడు రూపులు అప్పజెప్పమనడం లేదట, ఇంట్లో నిన్న ఏమేం జరిగిందో వాక్యాలుగా రాసుకుని రమ్మన్నాడట.

"తాతా, నిన్న నువ్వేం జేసినవ్?"

"చేనికి పోయిన."

"వెంట్," అనుకుంటూ రాసుకుంది. పాట పాడుకోలేదు. ఆ మాట దానంతట అదే వచ్చింది. "ఇంకా?"

"బువ్వ తిన్న. పండుకున్న."

"ఏట్. స్లెప్ట్." కలం నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "జములమ్మ అవ్వ ఇంటికి పోలేదా? అందరు పోతుండ్రు గద."

"పోలే."

"గది గూడ రాయాల్నా?"

సరోజ వంటింట్లోంచి అంది: "రాయి బిడ్డా. నీ తాత గురించి సారుకు గూడ జర తెలువనీ." తరువాత ఇవతలికి వచ్చి, ఈసారి ఎకసెక్కం లేకుండా చెప్పింది. "ఎల్లుండి దినాలు. భజనోళ్ళు వచ్చి అడిగి పోయిన్రు, ఎత్తుకోనీకి ఆయన వస్తడా రాడా అని. ఏం చెప్పాలె?"

రామచంద్రయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. దడి వైపు కాదు, ముందు వైపు నుంచి. గోడ చుట్టి పోతే కుర్మయ్య గుమ్మం.

తలుపు తెరిచే ఉంది. మూలన కుర్మయ్య ప్రాణం విడిచిన చోట దీపం వెలుగుతోంది. జములమ్మ దినాల కోసం చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"రా రామచంద్రా. కూసో."

అతను గుమ్మం లోపల నిలబడిపోయాడు.

"తప్పయింది వదినా."

"ఏది?"

"ఆ దినం పాట. అన్న నన్ను అదొక్కటే అడిగిండు. గది గూడ..."

"నోరు జారింది. అందరికి జారుతది," అంది జములమ్మ, చేటలోంచి తల ఎత్తకుండానే. ఒక రాయి ఏరి గడప బయటికి విసిరింది. "గదేనా, చెప్పనీకి వచ్చింది?"

అతనికి అర్థం కాలేదు. చేసిన తప్పు అంతా అదే అనుకుని వచ్చాడు. ఆమె చేట కింద పెట్టి, గోడకు ఆనుకుని ఉన్న ఖాళీ మంచం వైపు చూసింది. ఆ గోడ రెండిళ్ళకూ ఉమ్మడి గోడ. దాని అవతలే అతని అరుగు.

"ఈ మంచం ముందుగాల కిటికీ కాడ ఉండె. నీ పిల్లల పాట మొదలైనంక గోడ కాడికి జరుపుమన్నడు. చేతులతోని చూపిచ్చిండు. మొదటి దినం శానా నవ్విండు రామచంద్రా. గొంతు లేకున్నా నవ్విండు. దొంగ, నా పాట ఎత్కపోయిండు అన్నట్టు చెయ్యి ఇట్ల తిప్పిండు. పిల్లలు చప్పట్లు గొడితే ఈయన గోడకు మూడు కొట్టేటోడు. నీకు ఇనరాలేదేమో."

"ఇనరాలే వదినా."

"డబ్బా సప్పుడుల ఎట్ల ఇనొస్తది." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. గొంతు మాత్రం అట్లాగే ఉంది, ఎవరి గురించో చెబుతున్నట్టు. "పాట అయిపోతుండె. పిల్లలు పోతుండ్రి. అప్పుడు ఈయన ఇటు తిరిగి తలుపు దిక్కు సూసేటోడు. పిల్లలు పోయిన్రు గద, ఇగ వస్తడు అని. నేను తలుపు ఎయ్యవోతే వద్దనేటోడు. నాకు కోపమొస్తుండె. రేపొస్తడు తియ్యి, పండుకో అంటుంటి. తెల్లారి మళ్ళ గట్లనే. ఆయన పాట ఆయన నోట్లె లేకపాయె. నీ నోట్లెనన్న ఒక్కసారి ఇందామనుకున్నడేమో. నువ్వు పాడుతుంటివి, రోజు పాడుతుంటివి, గని గది గాదు గద ఆయనకు గావాల్సింది."

రామచంద్రయ్యకు పల్లికాయ పని అన్న మాట నోటి దాకా వచ్చింది. పిల్లల చదువు అన్న మాట వచ్చింది. అన్నను ఆ స్థితిలో చూడలేకపోయాను అన్న మాట కూడా వచ్చింది, అన్నిటికన్నా నిజం అదే. మూడూ మింగాడు. ఊరంతా నవ్వినప్పుడు కలిగింది సిగ్గు అనుకున్నాడు ఇన్నాళ్ళూ. దాని కోసం ముళ్ళ దారిన తిరిగాడు. అది సిగ్గే కాదు, మనుషుల ముందు పరువు పోయిన బాధ. సిగ్గు ఇక్కడ ఉంది, ఈ మంచం పక్కన, ఎవరూ నవ్వని చోట.

"రావాల్సుండె," అంది జములమ్మ.

"అవును వదినా."

"రాలే."

"రాలే," అన్నాడు.

గోడ అవతల నుంచి నవ్య ఏదో చదువుకోవడం వినిపిస్తోంది. ఒక్కో మాటా విడివిడిగా, స్పష్టంగా వినిపిస్తోంది. గోడ ఇంత పలుచనా అనుకున్నాడు రామచంద్రయ్య.

"పిల్లల పాట బందు చేసినవంట," అంది జములమ్మ. "వాళ్ళేం జేసిన్రు?"

"ఇంకో రాగం సూస్త వాళ్ళకు."

"సూడు."

ఆమె లేచి మంచం తలాపు నుంచి కుర్మయ్య తాళాలు తీసి తెచ్చింది. తోమక నల్లబడి ఉన్నాయి. వాటిని కలిపే తాడు పట్టుకుని పట్టుకుని అరిగిపోయింది.

"దినాలనాడు ఎవరు ఎత్తుకుంటరో, ఏం పాడుకుంటరో నాకు తెల్వదు. నువ్వు ఊరందరి ముందర పాడుడు నాకొద్దు. ఈడ పాడు."

"ఇప్పుడా?"

"రేపా మరి?"

రామచంద్రయ్య నేల మీద, మంచానికి ఎదురుగా కూర్చున్నాడు. మంచం మీద కూర్చోవడానికి మనసు ఒప్పలేదు. గొంతు ఎత్తలేదు. గోడ దాటనంత మెల్లగా మొదలుపెట్టాడు.

"బండి ఎక్కిననయ్య, పగ్గాలు నీ చేతనే..."

మూడు దెబ్బల చోటు వచ్చింది. నాలుక చివర అదే మాట సిద్ధంగా ఉంది. పళ్ళు బిగించాడు. తాళాలు గాలిలో ఆగిపోయాయి. తండ్రీ అన్న మాట ఏమిటో తెలుసు, అర్థం తెలుసు, ఎవరిని పిలవాలో తెలుసు. అది మాత్రం రావడం లేదు.

"తండ్రీ," అంది జములమ్మ. పాడలేదు. మరిచిపోయిన పిల్లవాడికి అందించినట్టు మామూలుగా అంది. మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది.

"తండ్రీ," అన్నాడు అతను.

"తండ్రీ."

"తండ్రీ."

మూడోది ఆమె అందించకముందే అన్నాడు. రెండో చరణం మొదలే గుర్తు రాలేదు. జములమ్మకు వచ్చింది. ఆమె ఎప్పుడూ భజనలో కూర్చోలేదు, పాడె ముందు నడవలేదు. వంటింట్లో ఉండి ఇన్నేళ్ళూ విన్నది అంతే. బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ, రాగం సగం ఉండీ సగం లేకుండా, ఒక్కొక్క పాదమే ఆమె చెబుతూ పోయింది. ఊరికంతటికీ భజన ఎత్తుకునే రామచంద్రయ్య తల దించుకుని, అరుగు మీద పిల్లలు తన వెనక పలికినట్టే, ఆమె వెనక పలికాడు. మంచం వైపు చూడలేకపోయాడు. తలుపు వైపూ చూడలేకపోయాడు.